ఐదో చీమ

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. ఉండేది అంటే, ఏడాదిలో ఎనిమిది నెలలు ఉండేది. ఎండలు ముదిరితే ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ ఇసుకలో ఒకే ఒక్క చోట తవ్వితే నీళ్లూరేవి. ఆ గుంటను చెలమ అనేవారు. వేసవిలో అడవి మొత్తానికి ఆ చెలమే దిక్కు.

చెలమలో ముందు ఎవరు తాగాలి? దీనికోసం కొట్టుకు చావకుండా ఎప్పుడో ఒక ఏర్పాటు జరిగింది. ఎండలు ముదిరే ముందు వాగు గట్టున ఆకుల పోటీ పెడతారు. ఎనిమిది జట్లు ఆడతాయి. మూడాటలు వరసగా గెలిచిన జట్టు వేసవంతా ముందు తాగుతుంది. తక్కినవాళ్లు ఆ తర్వాత, ఏమైనా మిగిలితే తాగాలి.

ఆ ఆట ఇలా ఉంటుంది పిల్లలూ. ఎండిన మోదుగాకుల మీద ముల్లుతో బొమ్మలు గీసి ఉంటాయి. ఏనుగు, గద్ద, జింక, తేలు, చీమ, ఇలాంటివి. ఒక్కో జట్టుకు ఇరవై ఆకుల కట్ట, ఏడు గింజలు. ఆటగాళ్లిద్దరూ కట్టలోంచి చూడకుండా ఒక్కో ఆకు చేతిలోకి తీసుకుంటూ, బండ మీద ఆకులు వేస్తారు. పెద్ద ఆకు చిన్న ఆకును కొడుతుంది. ఆకు ఓడినప్పుడల్లా ఒక గింజ పోతుంది. గింజలన్నీ పోయినవాడు ఓడినట్టు.

ఆ బొమ్మలు గీసేది ముసలి కొండముచ్చు. దాని పంటి గుర్తు లేని ఆకు చెల్లదు. తొలకరి రోజున అది గుట్ట మీంచి గుప్పెళ్లతో ఆకులు కిందికి విసురుతుంది. దొరికినవాళ్లకు దొరికినన్ని. నచ్చకపోతే ఇంకొకరితో మార్చుకోవచ్చు. ఇద్దరూ ఆకులకు ముక్కు తాకించారంటే మారకం అయిపోయినట్టే. ఇక వెనక్కి తీసుకోవడం లేదు. ఏ ఆకుకు ఏ నియమమో తెలియకపోతే కొండముచ్చును అడగొచ్చు. అడిగితే చెబుతుంది. అడగకపోతే నోరు విప్పదు.

నియమం అందరికీ ఒకటేనని పెద్ద జంతువులు గొప్పగా చెప్పుకునేవి. నిజమే, నియమం ఒకటే. కానీ గుట్ట కింద ముందు వరసలో నిలబడేది ఎవరు? చిరుతలు, దుమ్ములగొండులు, అడవి పందులు. ఏనుగులూ గద్దలూ వాళ్ల కాళ్ల దగ్గరే పడేవి. వెనకున్న చిన్న ప్రాణులకు వాళ్లు తొక్కి వదిలేసినవి దొరికేవి. చీమ ఆకులనైతే పెద్దవాళ్లు చెత్త అని అక్కడికక్కడే చింపేసేవాళ్లు. అలా చింపగా చింపగా అడవి మొత్తంలో చీమ ఆకులు ఐదే మిగిలాయి. ఐదూ చిన్నవాళ్ల దగ్గరే ఉన్నాయి. అంత సన్నటి గీతలకు కళ్లు ఆనక కొండముచ్చు చీమల్ని గీయడం కూడా ఎప్పుడో మానేసింది.

వరసగా మూడేళ్లు చిరుతల జట్టే గెలిచింది. వాళ్లు తాగి ఊరుకునేవాళ్లు కాదు. చెలమలో పడి దొర్లేవాళ్లు. చిన్నవాళ్ల వంతు వచ్చేసరికి బురద మిగిలేది.

ఆ చిన్నవాళ్లలో పెంకన్న అనే అలుగు ఉండేది. అలుగు అంటే తెలుసుగా, ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడవాటి నాలుక, చీమల్ని తిని బతికే జంతువు. పెంకన్నకు జ్ఞాపకం ఎక్కువ. ఒకసారి చూసిన ఆట మరిచిపోడు. ఒకనాడు అతను గుట్టెక్కి కొండముచ్చును అడిగాడు.

"తాతా, చీమ ఆకుకు ఏ బలమూ లేదా?"

"ఒక్కదానికి లేదు. ఐదూ ఒకేసారి పడితే ఎంత పెద్ద ఆకైనా కూలుతుంది. ఎదుటివాడి గింజలన్నీ పోతాయి. మా అయ్య కాలం నాటి నియమం. ఇన్నేళ్లలో అడిగింది నువ్వొక్కడివే."

పెంకన్న దొర్లుకుంటూ గుట్ట దిగాడు. ఆ సాయంత్రమే చిన్నవాళ్లంతా కలిశారు. కుందేలు ఒక చీమ తెచ్చింది. ఏదుపంది ఒకటి, తొండ ఒకటి, ఉడత ఒకటి తెచ్చాయి. అందరికంటే వెనకగా చుక్కమ్మ అనే కౌజుపిట్ట వచ్చింది. ఆమె తెచ్చిన ఆకుకు ఒక మూల చిరిగి ఉంది.

"దీనికేమైంది చుక్కక్కా?" అన్నాడు పెంకన్న.

"నా చిన్నది నిజం చీమనుకుని పొడిచింది తమ్ముడూ," అంది చుక్కమ్మ. "నిరుడు నీళ్లు లేక పోయింది చూడు, అదే. దాని గుర్తు నాకు ఇదొక్కటే ఉంది. ఇంకా మూడు పిల్లలున్నాయి కాబట్టి ఇస్తున్నా. ఆటయ్యాక మళ్లీ నాకిచ్చెయ్యి."

"నా ప్రాణంలా చూసుకుంటానక్కా," అన్నాడు పెంకన్న.

ఆ మాట అన్నప్పుడు అతను అబద్ధమాడలేదు. అది గుర్తుంచుకోండి.

పోటీ రోజు వచ్చింది. చిన్నవాళ్లంతా గట్టున ఒక పక్కన ఒదిగి కూర్చున్నారు. మొదటి ఆట ఇంకా మొదలు కాలేదు, తియ్యటి వాసన ఒకటి గుప్పుమంది. వాసన వెనకాలే జవ్వాజి వచ్చాడు. జవ్వాజి ఒక పునుగుపిల్లి. ఆకుల మారకం వాడి వృత్తి. చిరుతల జట్టు పెద్ద చిరుత దొర దగ్గర కూర్చుని తిని, అందరి దగ్గరికీ వెళ్లి నవ్వుతాడు.

"పెంకన్నా, నీ దగ్గర చీమలున్నాయటగా. ఒక చీమ ఇవ్వు, నెమలి ఇస్తా."

"నా చీమలు అమ్మకానికి లేవు. పద పద," అన్నాడు పెంకన్న.

మొదటి ఆట అడవి పందితో. పంది ఖడ్గమృగం ఆకు వేసి, "ఒరే పెంకుల మూటా, చుట్టుకుని పడుకోక నీకెందుకురా ఆట?" అని గురకపెట్టినట్టు నవ్వింది. పెంకన్న ఒకదాని పక్కన ఒకటి ఐదు చీమలు పెట్టాడు. ఖడ్గమృగం కూలింది. పంది నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"చీమలు గెలిచాయి! చీమలు గెలిచాయి!" అని కుందేలు గంతులేసింది. చిన్నవాళ్లందరూ అదే అరిచారు.

పెంకన్న చెవుల్లో ఆ అరుపు ఎక్కడో గుచ్చుకుంది. చీమలట! నియమం తెలుసుకున్నది ఎవరు? గుట్టెక్కింది ఎవరు?

జవ్వాజి మళ్లీ వచ్చాడు. ఈసారి గద్ద ఆకు తెచ్చాడు.

"వద్దు," అన్నాడు పెంకన్న. కానీ ఆ గద్దను కాసేపు చేతిలో పట్టుకుని చూశాకే వద్దన్నాడు.

రెండో ఆట దుమ్ములగొండితో. అది గట్టి ఆట. పెంకన్నకు ఒక్క గింజే మిగిలింది. నాలుగు చీమలు చేతిలో ఉన్నాయి, ఐదోది కట్టలో ఎక్కడో ఉంది. ఓపికగా చిన్నాకులు వేస్తూ, ఆట సాగదీస్తూ, చివరి ఆకు దాకా ఆగాడు. ఆ చివరి ఆకే మూల చిరిగిన చీమ. దుమ్ములగొండి పళ్లు కొరుక్కుంటూ లేచిపోయింది.

"చీమలకు జై!" అన్నారు చిన్నవాళ్లు. ఏదుపంది ఆ ఐదు ఆకులకూ దండం పెట్టింది. పెంకన్నకు నీళ్లు కూడా ఎవరూ అందించలేదు. సంతోషంలో మరిచిపోయారు, అంతే. కానీ పెంకన్నకు అది సంతోషంలా కనిపించలేదు. తిన్నగా వెళ్లి తంగేడు పొద వెనక కూర్చున్నాడు. తియ్యటి వాసన అక్కడికీ వచ్చింది.

"అన్యాయం పెంకన్నా," అన్నాడు జవ్వాజి మెల్లగా. "చెమటోడ్చి ఆడింది నువ్వు. జేజేలు ఎవరికి? నువ్వు పొద్దున్నే నాలుకతో నాకి మింగేసే చీమలకా?"

పెంకన్న గోటితో నేల గీకాడు.

"చిన్నవాళ్లలో పులిని ముట్టుకున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? పోనీ, కళ్లతో చూసినవాడున్నాడా?" అంటూ జవ్వాజి ఒక ఆకు తీశాడు. పులి ఆకు. చారలకు పసుపు పూసి ఉంది. ఎండ పడితే మంటలా మెరిసింది. "ఆఖరి ఆటలో ఇది వేసి గెలువు. అప్పుడు ఏమని అరుస్తారో చూడు. పెంకన్నా, పెంకన్నా అని గొంతులు చించుకుంటారు. నాకు ఒక్క చీమ చాలు. అది కూడా చిరిగిపోయినదే ఇవ్వు, నేనేమీ అనుకోను."

పెంకన్న పొద సందుల్లోంచి చూశాడు. గట్టున చుక్కమ్మ రెక్కల కింద మూడు పిల్లలూ నిద్రపోతున్నాయి. ఆ పక్క బండ మీద కొండముచ్చు కూర్చుని ఉంది. వెళ్లి పులి నియమం అడిగితే సరిపోయేది. పది అడుగుల దూరం. కానీ అడిగితే అందరికీ తెలుస్తుంది. పులి నీకెక్కడిదిరా అంటారు. ఏ చీమ పోయిందిరా అంటారు.

దాచుకుని చేసే పని ఇలాగే ఉంటుంది పిల్లలూ. అడగాల్సిన మాట కూడా నోట్లోనే ఉండిపోతుంది.

"పులి కంటే పెద్ద ఆకు ఏముంటుందిలే," అనుకున్నాడు పెంకన్న. మూల చిరిగిన చీమను తీశాడు. ముక్కు తాకించాడు. జవ్వాజి కూడా తాకించాడు. అంతే, అయిపోయింది.

ఆఖరి ఆట చిరుత దొరతో. దొర ఆవలిస్తూ వచ్చి కూర్చున్నాడు. ఆకు మీద ఆకు పడింది. ఇటు మూడు గింజలు పోయాయి, అటు మూడు పోయాయి. నాలుగు చీమలూ పెంకన్న చేతికి వచ్చాయి. అప్పుడు దొర ఏనుగును వేశాడు.

గట్టున చిన్నవాళ్లు లేచి నిలబడ్డారు. "చీమలెయ్యి! చీమలెయ్యి పెంకన్నా!" అని కుందేలు అరిచింది.

పెంకన్న చీమలు వేయలేదు. పులిని తీసి బండ మీద గట్టిగా కొట్టాడు. పసుపు మెరిసింది. పెంకన్న తల ఎత్తి తనవాళ్ల వైపు చూశాడు. తన పేరు వినబడుతుందని చూశాడు.

వినబడింది కొండముచ్చు గొంతు. "జింకలేవిరా?"

"ఏ జింకలు తాతా?"

"పులి దిగాలంటే ముందు రెండు జింకాకులు వేసి దాని కడుపు నింపాలి. లేకపోతే ఆకలిపులి వేసినవాడి మీదే పడుతుంది. నీ గింజలన్నీ పోయినట్టే. ఆట దొరది."

పెంకన్న గుంపులో తియ్యటి వాసన వస్తున్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పలేదే!" అన్నాడు.

"నువ్వు అడగలేదుగా," అన్నాడు జవ్వాజి. అప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు.

చుక్కమ్మ బండ దగ్గరికి నడిచి వచ్చింది. "నాలుగే ఉన్నాయేం తమ్ముడూ? నా చీమ ఏది?"

"ఎక్కడో... పడిపోయిందక్కా," అన్నాడు పెంకన్న.

చిరుత దొర పకపకా నవ్వాడు. పంజా కిందినుంచి ఒక ఆకు తీసి పైకెత్తాడు. దాని మూల చిరిగి ఉంది. "ఇదేనా పిట్టా? మీవాడే ఇచ్చాడు. పొద చాటున, ఇష్టపడి, ముక్కు తాకించి మరీ ఇచ్చాడు." అని దాన్ని గోటితో నిలువునా చీల్చాడు. తర్వాత అడ్డంగా చీల్చాడు. "ఇక నాలుగు చీమలతో ఎన్నేళ్లాడినా భయం లేదు."

చుక్కమ్మ ఏడవలేదు. అరవలేదు. ముక్కలు ఏరుకుంది. రెండు గాలికి పోయాయి, రెండే దొరికాయి. "ఇవ్వడం ఇచ్చావు, కనీసం నన్నొక మాట అడగకపోయావా?" అని మాత్రం అంది.

ఆ వేసవి ఎలా గడిచిందో ఎక్కువ చెప్పడానికి నోరు రాదు. చిరుతలు తాగారు, దొర్లారు. చిన్నవాళ్లు బురద పిండుకున్నారు. పిండడానికి బురద కూడా లేని రోజులు వచ్చాయి. చుక్కమ్మ మూడు పిల్లలతో ఆ వేసవిలోకి వెళ్లింది. ఒక్క పిల్లతో బయటికొచ్చింది.

పెంకన్నను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. బురద దగ్గర అతని వంతు అతనికి వదిలిపెట్టారు. అతనితో మాట మాత్రం మానేశారు. అతను వస్తే జరిగి చోటిచ్చేవారు. మరీ ఎక్కువ చోటిచ్చేవారు.

తొలకరి వచ్చింది. కొండముచ్చు ఆకులు విసిరింది. పెద్దవాళ్లు వెళ్లిపోయాక చిన్నవాళ్లు బురదలో చేతులు పెట్టి ఒక్క చీమ కోసం పొద్దు గూకేదాకా వెతికారు. దొరకలేదు. అప్పుడు పెంకన్న వచ్చాడు. పులి ఆకును అందరి మధ్యా పెట్టాడు. వానకు పసుపు కరిగి చారలు వెలిసిపోయాయి.

"దీన్ని మార్చి ఒక చీమ తెద్దాం," అన్నాడు.

"ఎవరి దగ్గరుంది, తేవడానికి?" అంది కుందేలు.

పెంకన్న పులి ఆకును ఇంకాస్త ముందుకు జరిపాడు.

చుక్కమ్మకు మిగిలిన ఆ ఒక్క పిల్ల ముందుకొచ్చి ఆకులోకి తొంగి చూసింది. "అమ్మా, ఇదేమిటి?"

"పులి."

"ఇదేం చేస్తుంది?"

"మనకేమీ చేయదమ్మా," అంది చుక్కమ్మ. "దానికి ఆకలి, అంతే. రా, తడుస్తావు."

అందరూ లేచి వెళ్లారు. పెంకన్న వానలో ఉండచుట్టుకుని పడుకున్నాడు. పొలుసుల మీద వాన టపటపా కొడుతూనే ఉంది. వేసవిలో ఒక్క చుక్క కోసం పిల్లలు చచ్చిన అడవిలోనే, నీళ్లు అతని చుట్టూ వాగై పారాయి.

నీతి: పదిమంది నమ్మి నీ చేతిలో పెట్టినది నీది కాదు. అందులో ఎంత చిరిగినదాన్నైనా, నీ పేరు కోసం మార్చుకునే హక్కు నీకు లేదు.