కోడలు తోమిన రేవు

ఇలా రా బుజ్జులూ, నా పక్కన పడుకో. ఈమధ్య నాకు ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ వచ్చేస్తోంది. ఎక్కడైనా తప్పితే నవ్వకుండా విను, చివర్లో మీ అమ్మ సుభద్రని అడుగుదాం.

అనగనగా కొండలు దిగివచ్చే ఓ ఏటి గట్టున చేపలవాళ్ళ ఊరు. ఆ రేవులో ఇంటికో రాయి. ఆ రాయి మీదే అంట్లు, బట్టలు, స్నానాలు. కొత్త కోడలొస్తే ఆమె వంట ఎవరూ చూడరు. అత్తవారి రాయి ఎలా ఉంచిందో చూస్తారు.

ఆ ఊరికి నూకరత్నం అనే పిల్ల కోడలిగా వచ్చింది. మొగుడు ఎర్రయ్య ఏట్లో వల వేస్తాడు. అత్త చిన్నమ్మి ఓ రోజు రాయిని వేలితో రాసి చూసింది. గోధుమరంగు జిడ్డు అంటింది.

"ఒలే గుంటా, ఇదేటి? మీ కన్నోరింట్లో రాయి తోమడం నేర్పనేదా?"

నూకరత్నం మొహం చిన్నబోయింది. అప్పుడు కొబ్బరిపీచూ ఇసకా పెట్టి తోమింది. నాలుగు రోజులకి జిడ్డు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత బూడిద పెట్టి తోమింది. మళ్ళీ వచ్చింది. అప్పుడు పౌరుషం పొడుచుకొచ్చింది. నీళ్ళు తగ్గిన కాలమేమో, సున్నం తెచ్చి, తమ రాయే కాదు, ఏటి మలుపు దాకా ఉన్న రాళ్ళన్నీ తోమి పారేసింది. ఇంక రోజూ అదే పని. రేవు తెల్లగా మెరిసింది. "కోడలంటే ఇదీ!" అంది అత్త.

నీకో మాట చెప్పాలి. ఆ జిడ్డు మురికి కాదమ్మా. అదంతా కంటికి ఆనని నాచు. ఒక్కొక్కటీ ఓ గాజు గూట్లో కాపురం ఉంటుంది. ఒక గూడు పడవలా, ఒకటి నెలవంకలా, ఒకటి విసనకర్రలా. ఎండని పట్టుకుని అన్నం వండుకుంటాయి. వండుకుంటూ నీళ్ళకి ఊపిరి పోస్తాయి. ఏట్లో ముందు పొయ్యి వెలిగేది వాళ్ళింట్లోనే.

ఆ పొయ్యి ఆరిపోయింది. ముందు ఆ నాచు తినే నత్తలు పోయాయి. ఆ తర్వాత రాళ్ళు నాకే బుల్లి చేపలు పోయాయి. ఆ తర్వాత వాటిని తినే పెద్ద చేపలూ పోయాయి. ఎర్రయ్య వల ఉత్తిదే పైకొచ్చేది.

"నెలాఖరికి మేస్త్రీ లారీ వస్తాది. గుజరాత్ బోట్ల మీదికెళ్ళిపోతాను," అన్నాడు.

అలా మేస్త్రీ వెంట సముద్రం మీద చేపల కూలికి వెళ్ళినవాళ్ళు వానలు పడేదాకా తిరిగి రారు. నూకరత్నం గుండెల్లో రాయి పడింది.

దిగులుగా రేవులో కూర్చుంది. పీచు దూరని సందులో, రాతి అడుగున, కాస్త జిడ్డు మిగిలుంది. దాని చుట్టూ బుల్లి చేపలు మూగి ముద్దులు పెడుతున్నాయి. తెల్లగా తోమిన చోట ఒక్కటీ లేదు. అప్పుడు తను ఏం చేసిందో ఆమెకి తెలిసింది.

ఆ రోజునుంచి తోమడం మానేసింది. రాయి మళ్ళీ గోధుమరంగుకి తిరిగింది. రేవులో ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఓలమ్మ, కొత్త మోజు తీరిపోనాది! చిన్నమ్మి కోడలికి నడుం వొంగటం నేదు!"

"ఆ రాయి సూసి గేదెలు కూడా సిగ్గుపడతన్నాయి!"

అత్త పీచు తెచ్చి చేతిలో పెట్టింది. "తోము."

"తోమను అత్తా. రాయి తెల్లగా ఉండాలా, నీ కొడుకు ఇంట్లో ఉండాలా, నువ్వే సెప్పు."

చిన్నమ్మి ఆ పీచు వెనక్కి లాక్కుంది. తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేసింది.

నెలాఖరికి లారీ రానే వచ్చింది. ఎర్రయ్య మూట చంకన పెట్టుకుని, ఏటికి దండం పెట్టుకుందామని రాయి మీద కాలేశాడు. జర్రున జారి, మూటతో సహా దబ్బుమని నీళ్ళలో పడ్డాడు. రేవంతా పకపకా నవ్వింది. అతని కాళ్ళ చుట్టూ బుల్లి చేపలు గుంపుగా చెదిరాయి. వాటి వెనకే ఓ పెద్ద వాలుగ చేప తోక కొట్టుకుంటూ పోయింది. ఎర్రయ్య మొలలోతు నీళ్ళలో అలాగే ఉండిపోయాడు. గట్టు మీద లారీ హారన్ కొడుతోంది.

"ఏటి మావా, లెగవా? లారీ ఎళ్ళిపోతాది," అంది నూకరత్నం.

"ఎళ్ళనీ. వల అట్రా!"

ఏమే సుభద్రా, ఆ కోడలు నూకరత్నమే కదూ? మొగుడు ఎర్రయ్యా, నల్లయ్యా? నీ కూతురికి తప్పు చెప్పానేమో, కాస్త గుర్తు చేసుకుని చెప్పవే.

కథేమో కంచికి, చేపేమో గంపకి,
బుజ్జులు కళ్ళేమో కమ్మటి నిద్దరకి.