వెనక దారి లేని ఇల్లు

అనగనగా ఒక అడవిలో, పుట్టినప్పటి నుంచి తవ్వడం తప్ప మరో పని ఎరగని ఒక పందికొక్కు, ఇంకొకరు తవ్విన ఇల్లు కొన్నది. జరిగిన పొరపాటు అదే. తర్వాత పడిన తిప్పలన్నీ అందులోంచి వచ్చినవే.

ఆమె పేరు తులశమ్మ. భర్త ముత్యాలు, అత్త రావమ్మ. అడవి మధ్యలో ఒక రాళ్లగుట్ట కింద వాళ్ల కాపురం. ఉన్నది ఒకటే గది. ఎవరు అటు నుంచి ఇటు తిరిగినా పక్కవాళ్ల తోక తొక్కాల్సిందే. పైగా తులశమ్మ కడుపుతో ఉంది. వానలు మొదలయ్యే వేళకి కాన్పు. పిల్లల్ని పడుకోబెట్టడానికి పొడిగా, వెచ్చగా ఒక చోటు కావాలి. ఆమె కోరింది అంతే.

"కొత్త ఇల్లు తవ్వుకుందాం," అన్నది తులశమ్మ.

"ఈ రోజుల్లో ఎవరు తవ్వుకుంటున్నారే?" అన్నాడు ముత్యాలు. "ఉడుతలు కొన్నాయి. తొండలు కొన్నాయి. మనం మాత్రం ఇంకా గోళ్లలో మట్టితో తిరగాలా?"

అప్పుడు అడవి అంచున జంబుకరావు అనే నక్క కొత్తగా వెంచరు వేశాడు. దాని పేరు పచ్చగుట్ట ఎన్‌క్లేవ్. గుట్ట ఉంది. పచ్చదనం బ్రోచర్లో ఉంది. ముందు పెద్ద ఆర్చి, దాని మీద రంగు జెండాలు. ఆదివారాలు సైటు చూడ్డానికి వచ్చినవాళ్లకు భోజనం ఉచితం. ముత్యాలు వరసగా మూడు ఆదివారాలు సైటు చూశాడు. మూడో ఆదివారం తులశమ్మను కూడా తీసుకెళ్లాడు.

ఇల్లు బాగానే ఉంది. రెండు మెట్లు ఎక్కితే గుమ్మం. లోపల మూడు గదులు. నున్నటి గోడలు. వెనక గోడ మాత్రం రాతిది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. పందికొక్కులు మొదట వెనక దారి తవ్వుతాయి, తర్వాతే ఇల్లు తవ్వుతాయి. ఆ దారి చివర పల్చగా మట్టి కప్పి ఉంచుతాయి. బయటివాళ్లకు అక్కడ దారి ఉన్నట్టే తెలియదు. ప్రమాదం వస్తే లోపలి నుంచి తలతో ఒక్క గుద్దు గుద్ది బయటపడతాయి. వాటి గృహప్రవేశం కూడా అంతే. ఇంటికి పెద్దావిడ ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్లి, వెనక దారిలోంచి బయటికి రావాలి. ఆమె బయటికి వచ్చాకే మిగతావాళ్లు ఆ ఇంట్లో మొదటి గింజ కొరుకుతారు.

అందుకని తులశమ్మ అడిగింది. "వెనక దారి ఎక్కడండీ?"

"మేడమ్, ముందు గుమ్మం చూడండి. తూర్పు ఫేసింగ్," అన్నాడు జంబుకరావు.

"చూశాను. వెనక దారి ఎక్కడ?"

"వెనక దారి పెడితే దొంగలొస్తారు మేడమ్. ఇది గేటెడ్ కమ్యూనిటీ. ఎలివేషన్ కూడా పాడవుతుంది."

"దొంగల సంగతి తర్వాత. వెనక దారి లేకుండా ఇంట్లో ఎలా ఉంటారండీ?"

జంబుకరావు గొంతు తగ్గించాడు. "మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా. రెండో ఫేజులో వస్తుంది."

"రెండో ఫేజు ఎప్పుడు?"

"మొదటి ఫేజు అమ్ముడవగానే."

అది జవాబు కాదని తులశమ్మకు తెలుసు. కానీ కడుపు బరువుగా ఉంది. కాళ్లు పీకుతున్నాయి. ఆనుకున్న గోడ చల్లగా ఉంది. పక్కన ముత్యాలు మోచేత్తో పొడుస్తున్నాడు. "సరే," అన్నది. పాత రాళ్లగుట్ట జంబుకరావుకు ఇచ్చి, కొత్త ఇంటి కాగితం మీద పంజా ముద్ర వేసింది.

గృహప్రవేశం నాడు రావమ్మ ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్లింది. మూడు గదులూ దాటి, వెనక గోడకు తలతో ఒక గుద్దు గుద్దింది. రాయి. కాసేపు నుదురు రుద్దుకుని, వెనక్కి తిరిగి, వెళ్లిన గుమ్మంలోంచే బయటికి వచ్చింది.

"కోడలా, ఇది ఇల్లు కాదే. సంచి. మూతి ఒకవైపే ఉంది."

"రెండో ఫేజులో వస్తుందట అత్తా."

"ఏమొస్తుంది? నా నుదుటికి ఇంకో బొప్పా?"

రావమ్మ ఆ రోజు గింజ ముట్టలేదు.

తులశమ్మ తనే ఒక దారి తవ్వుకునేదే. కానీ ఆర్చి పక్కన బోర్డు ఉంది: 'కాలనీలో తవ్వకాలు నిషేధం'. అక్కడ ఇళ్లు కొన్నవాళ్లలో సగం మంది తవ్వి బతికేవాళ్లు. అందరూ బోర్డు చదివారు. అందరూ గోళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

నెల తిరిగేసరికి జంబుకరావు రోడ్డు మీద కంకర పోయించాడు. ఇంటికి రెండు మెట్లు ఉండేవి కదా, ఒకటయింది. ముత్యాలు రోడ్డు మధ్యలో నిలబడి, "ఏరియా డెవలప్ అవుతోందే," అన్నాడు. ఇంకొన్నాళ్లకు కంకర మీద ఎర్రమట్టి పడింది. ఆ మెట్టు కూడా పోయింది. "చెప్పానా, డెవలప్ అవుతోంది," అన్నాడు ముత్యాలు. మూడోసారి మట్టి మీద నాపరాళ్లు పరిచారు. ఇప్పుడు ఇంట్లోకి వెళ్లాలంటే ఒక మెట్టు దిగాలి.

"రోడ్డు డెవలప్ అయింది నాయనా," అన్నది రావమ్మ. "మనం గుంటలో పడ్డాం."

తులశమ్మకు అయిదుగురు పిల్లలు పుట్టారు. ఇంకా కళ్లు తెరవలేదు. పుట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం వాన వచ్చింది.

రోడ్డు మీద పడిన నీళ్లన్నీ పల్లం వెతుక్కున్నాయి. ఆ వీధిలో పల్లమంటే వరసగా ఉన్న గుమ్మాలే. మొదటి గది క్షణంలో నిండింది. రెండో గదిలో గడ్డి పరుపు తేలింది. ముత్యాలు, రావమ్మ పిల్లల్ని నోట కరుచుకుని మూడో గదిలోకి పరిగెత్తారు. తులశమ్మ ఆలోచించకుండా వెనక గోడను తలతో గుద్దింది. తాతల నాటి అలవాటు. రాయి కదల్లేదు.

ఆమె పైకి చూసింది. పైకప్పు మట్టిదే. గోళ్లు చాచింది.

"ఆగవే, బోర్డు..." అన్నాడు ముత్యాలు, నోట్లో పిల్ల పెట్టుకునే.

"బోర్డొచ్చి పిల్లల్ని ఎత్తుకుంటుందా?" అన్నది తులశమ్మ.

తవ్వింది. మొరం గట్టిగా ఉంది. రెండు గోళ్లు విరిగాయి. పళ్లతో తవ్వింది. నీళ్లు రావమ్మ గడ్డం దాకా వచ్చేసరికి పైన వెలుగు కనబడింది. ఒక్కొక్క పిల్లనే పైకి అందించారు. చివరిది చాలా నీళ్లు మింగింది. అది దగ్గి ఏడ్చేదాకా తులశమ్మ దాన్ని బోర్లా పట్టుకునే కూర్చుంది.

అది ఏడ్చాక ఆమె చుట్టూ చూసింది. గుట్ట మీద పదకొండు చోట్ల మట్టి లేచింది. పదకొండు కన్నాల్లోంచి పదకొండు తలలు బయటికి వచ్చాయి. నిషేధం సంగతి ఎవరూ ఎత్తలేదు.

నీళ్లు తగ్గిన వారానికి జంబుకరావు వచ్చాడు. అప్పటికి తులశమ్మ కుటుంబం ఒక పొద కింద ఉంటోంది. పొద ఉరుస్తోంది.

"మేడమ్, మీ ఇంటికి పార్టీ ఉంది. కుందేలు దంపతులు. మీరు ఊఁ అంటే ఇల్లు వాళ్లకు అమ్మి, మీ రాళ్లగుట్ట మీకు తిరిగి ఇచ్చేస్తా. పైన కన్నం పూడ్పించాను, సున్నం కొట్టించాను. వాన సంగతి మాత్రం మీరు ఎత్తకండి."

తులశమ్మ పిల్లల వైపు చూసింది. అయిదూ తడిసి ఉన్నాయి. రాళ్లగుట్ట కింద ఇరుకే కానీ పొడిగా ఉంటుంది. ఆమె జంబుకరావు వెంట నడిచింది.

ఆడకుందేలు ఇల్లంతా తిరిగి చూసి, తులశమ్మ దగ్గరికి వచ్చింది. అది కడుపుతో ఉంది. "ఇల్లు ఎలా ఉంటుంది అక్కా?"

జంబుకరావు దగ్గాడు.

"వానొస్తే నీళ్లు లోపలికి వస్తాయి," అన్నది తులశమ్మ. "వెనక దారి లేదు. పైన కొత్త సున్నం కనబడుతోందే, అక్కడి నుంచి మేం బయటపడ్డాం."

కుందేళ్లు ఉచిత భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయాయి.

"ఒక్క మాట మింగితే మన ఇల్లు మనకొచ్చేది కదే!" అన్నాడు ముత్యాలు.

"నువ్వు మూడు ఆదివారాలు మింగావు. మన ఇంటికి అది చాలు," అన్నది తులశమ్మ. "ఇంకెవరి పిల్లల్నీ ఆ గదిలో పెట్టను. చెప్పకుండా ఆ ఇల్లు ఎవరికీ అమ్మను. ఇక లే. మట్టి తియ్యాలి."

సీతాఫలం చెట్ల అవతల ఒక ఎర్రమట్టి గట్టు ఉంది. అక్కడ మొదట వెనక దారి తవ్వారు. తర్వాత ఇల్లు తవ్వారు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పిల్లలు రావమ్మ కడుపు కింద వంతులవారీగా ఆరారు. ముత్యాలు గోళ్లలో మట్టి పడింది. అతను చచ్చిపోలేదు.

ఆ తర్వాత జంబుకరావు ఒక తాబేలును తీసుకొచ్చాడు. తులశమ్మ నడిచి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ మరుసటి నెల ముళ్లపందిని తెచ్చాడు. ముళ్లపంది ఏమీ అడగలేదు. అయినా తులశమ్మ చెప్పింది.

చివరిసారి జంబుకరావు ఒంటరిగా వచ్చాడు. "మేడమ్, ఇన్నేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. అన్నీ చెప్పి ఆ ఇల్లు ఎవరైనా అమ్మగలరా?"

"అమ్మలేరు," అన్నది తులశమ్మ. "అందుకే అమ్మలేదు."

ఆ ఇల్లు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

నీతి: ఇల్లు కొనేవాళ్లు బయటపడే దారి ఏదో తేల్చుకున్నాకే కొనాలి, అమ్మేవాళ్లు ఎవరూ అడగకపోయినా ఉన్న లోపం చెప్పాలి.