మొగలో వెయ్యని కేక

గవరమ్మను ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు వచ్చేది కాదు, పని వచ్చేది. లోకం నిజమా అబద్ధమా అని అడిగినవాడి చేత ఆవిడ ఒకసారి చిక్కుపడ్డ వల విప్పించింది. సాయంత్రాలు ఆవిడ పాకలో చేరి తత్వాలు పాడుకునే పల్లెవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అయినా అడిగేవారు.

ఆ శిష్యుల్లో దానయ్య పెద్దవాడు, మొండివాడు. నాలుక చేపను బల్లెంతో పొడవడంలో ఆ తీరాన అతనికి సాటి లేదు. ఆ మాట ఇంకొకరు అనేదాకా ఆగే ఓపిక కూడా అతనికి లేదు. చెల్లెలు కాసులమ్మ మొగుడు పోలన్నతో అతనికి ఐదేళ్ళుగా మాటల్లేవు. పగ పట్టడానికి కూడా నిలకడ కావాలి. దానయ్యకు అది ఉంది.

ఆ పగ ఊరికే పుట్టింది కాదు. ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. పోటు తగ్గి నీరు తీసిన రాత్రుల్లో అక్కడ మోకాలి లోతున దీపం పట్టుకుని చేపకు నడుస్తారు. నాలుక చేప ఇసుకకు అంటుకుని, రెండు కళ్ళూ ఒకే పక్క పెట్టుకుని పడుకుంటుంది. ఆ ఇసుకలోనే టేకు చేప కూడా ఉంటుంది, పళ్ళెంలా పరుచుకుని, తోకలో రంపం లాంటి ముల్లు పెట్టుకుని. కాలెత్తి దాని మీద వేశామా, ముల్లు దించుతుంది. అందుకని మొగలో ఎవరూ కాలెత్తరు, ఇసుకలో ఈడ్చుకుంటూ పోతారు. సద్దు తెలిస్తే టేకు తనే తప్పుకుంటుంది. అలా ముందువాడి కాలి దగ్గర నుంచి టేకు జారితే అతను కేక వెయ్యాలి, వెనకవాడు ఉన్నచోటే నిలబడాలి. తాతల నాటి కట్టుబాటు అది.

ఐదేళ్ళ కిందట ఒక రాత్రి, ముందు నడిచిన పోలన్న కేక వెయ్యలేదు. ముల్లు దానయ్య మడమ పైన దిగింది. విషం విరగడానికి కాగిన నీళ్ళలో కాలు పెట్టుకుని, పళ్ళు బిగబట్టి, తెల్లవార్లూ కూర్చున్నాడు. కాలు దక్కింది గాని కుంటు మిగిలింది. "చేప మీద కన్నుంది బావా, నోరు రాలేదు" అన్నాడు పోలన్న. దానయ్య ఆ మాట నమ్మలేదు. ఆ తరవాత ఆ ఇంటి నీళ్ళు ముట్టలేదు.

ఇప్పుడు కాసులమ్మ కబురు పంపింది. మూడేళ్ళ పాపకు రేపు చెవులు కుట్టిస్తున్నారు. "మేనమామ ఒళ్ళో తప్ప నా పిల్లను ఇంకెవరి ఒళ్ళోనూ కూర్చోబెట్టను. అన్న రాకపోతే దాని చెవులు బోడిగానే ఉంటాయి" అందిట. దానయ్య ఆ పాపను దూరం నుంచే చూశాడు, తల్లి కొంగు పట్టుకుని చేపల గంప వెనకాల పరిగెడుతుంటే. ఆ నడక తన తల్లి నడకే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గవరమ్మ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "అమ్మా, తప్పు చేసినోడు తప్పని ఒప్పుకోకుండా, నా అంతట నాను ఆడి గడప ఎలా తొక్కీది?"

ఆవిడ తమలపాకుకు సున్నం రాస్తూ, "నాలుక చేప తినాలని ఉందిరా దానయ్యా. మొగకి తీసుకెల్లు. దీపం నాను పట్టుకుంతాను" అంది.

"ఈ వయసులో నీల్లలోకి ఏటమ్మా?"

"నా కాల్లు రెండూ బాగానే ఉన్నాయి. నీ సంగతి చూసుకో."

నీరు బాగా తీశాక ఇద్దరూ దిగారు. దానయ్య బల్లెంతో ముందు, ఆవిడ దీపంతో వెనక. నాలుగడుగులు పోయాయో లేదో దానయ్య విసుక్కున్నాడు. "కాలెత్తకమ్మా. పెల్లోరి వాకిట్లో నడిచినట్టు నడిస్తే ఎలాగ? ఈడ్చు."

"ఎవరు నేర్పార్రా నీకీ నడక?"

"మా అయ్య. నాకూ, ఆడికీ."

"ఆడంటే?"

"ఉన్నాడులే ఒకడు."

ఆవిడ నవ్వుకుని కాళ్ళు ఈడ్చింది. కొంత దూరం పోయాక దీపం వెలుగులో ఇసుక మీద మసక గీత ఒకటి కనిపించింది, విస్తరాకు అంచులా. ఇంత పెద్ద నాలుక చేపను దానయ్య ఈ మధ్య చూడలేదు. ఊపిరి బిగబట్టి బల్లెం ఎత్తాడు. అప్పుడే అతని పాదం మీదుగా ఏదో మెత్తగా జారి వెనక్కి పోయింది. ఏమిటో అతని కాలికి తెలుసు. కన్ను చేప మీదే ఉంది. బల్లెం దించాడు. చేప దొరికింది.

వెనక దీపం ఊగింది. "ఏదో నా పిక్కను రాసుకుని పోయిందిరా" అంది గవరమ్మ.

దానయ్య చేపను బల్లెంతో సహా చంకలో ఇరికించుకుని నీళ్ళలో వంగాడు. ఆవిడ కాళ్ళు రెండూ చేత్తో తడిమాడు, చంటిబిడ్డ కాళ్ళు తడిమినట్టు. గాయం లేదు. అయినా ఇంకోసారి తడిమాడు.

"టేకేనా?"

"టేకే."

"నీకు తెలిసిందా?"

"తెలిసింది."

"మరి కేక వెయ్యలేదే?"

"చేప మీద కన్నుందమ్మా. నోరు..." అని ఆగిపోయాడు.

మిగిలిన మాట ఆవిడ అడగలేదు. అతని మొహం కనిపించకుండా దీపం పక్కకు తిప్పి, ఒడ్డుకు నడిచింది. అతను వెనకాలే వచ్చాడు. ఇసుకలో కూర్చుని చాలాసేపు చేపను కడిగాడు, కడిగిందే కడిగాడు.

"నాకు పల్లు లేవు. ఒక ముక్క చాలు" అంది గవరమ్మ. "మిగతాది, రేపు పదిమంది తినే ఇంటికి పట్టుకెల్లు."

దానయ్య లేచాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "తలుపేసి ఉంతాదమ్మా. ఏటని పిలిచీది? ఐదేల్లయింది, నోరు రాదు."

ఆవిడ దీపం అతని చేతికిచ్చింది.

"పిలవకు. మొగలో నడిచినట్టే వాకిట్లో నడు. సద్దు తెలిస్తే లోపలున్నది తనే కదుల్తాది."