కొర్రబండ బల్ల మీద జొన్నరొట్టె

పెన్నకు ఉత్తరపు గట్టున, నాపరాళ్ళ గనుల మధ్య ఉన్న కొర్రబండ గ్రామంలోని ప్రార్థనా మందిరాన్ని చుట్టుపక్కలవాళ్ళు జొన్నరొట్టె గుడి అంటారు. నాపబండల కప్పు, సున్నం గోడలు, తూర్పు వాకిలి. గొప్ప కట్టడమేమీ కాదు. నెల మొదటి ఆదివారం ఇక్కడ, క్రీస్తు కడరాత్రి భోజనాన్ని తలచుకొని రొట్టె పంచుకునే ప్రభువు బల్ల మీద, బేకరీ రొట్టె గాని, అచ్చుపోసిన తెల్ల బిళ్ళ గాని కనిపించదు. పొయ్యి మీద కాల్చిన జొన్నరొట్టెనే విరిచి పంచుతారు. దూరం నుంచి వచ్చినవారు దీన్ని పల్లెటూరి ముచ్చట అనుకొని ఫొటోలు తీసుకుంటారు. ముచ్చట కాదు. దీని వెనక ఒక మనిషి చావు ఉంది, ఒక ఆడమనిషి కోపం ఉంది. ఆ రెండూ తెలుసుకోకుండా ఈ రొట్టె నోట పెట్టుకోవద్దని మనవి.

పూర్వం ఇక్కడ దైవాధీనం గారనే పాస్టరు ఉండేవారు. నిష్ఠాపరుడు. బైబిలు లేఖనం ఆజ్ఞాపించనిది ఆరాధనలో ఉండకూడదన్నది ఆయన పట్టు. సిలువకు బంతిపూల దండ వేస్తే "ఎక్కడ రాసి ఉంది?" అని అడిగేవారు. మొక్కు తీరిందని ఎవరైనా గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టబోతే మళ్ళీ అదే ప్రశ్న. జనం గొణిగారు గాని, సలోమమ్మ మాత్రం ఆయన పక్షాన నిలబడింది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. విన్న వాక్యాన్ని మాత్రం పొల్లుపోకుండా అప్పజెప్పేది. మనిషికి తోచినట్టల్లా దేవుణ్ణి కొలిస్తే, చివరికి మోతుబరికి తోచిందే దేవుడి మాటై కూర్చుంటుందని ఆవిడ నమ్మకం. సిలువ మీది దండను తన చేతులతోనే తీసేసింది. ఆ దండ గుచ్చింది ఆవిడ సొంత ఆడబిడ్డ. ఏడాదిపాటు ఇద్దరికీ మాటల్లేవు.

సలోమమ్మ భర్త ఆరోను గనిలో రాళ్ళు కొట్టేవాడు. ఈ మందిరపు కప్పు బండలు ఆయన మోసినవే. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఒక వానాకాలం మంచం పట్టాడు. ఇక లేవనని తెలిశాక ఆయన కోరింది ఒక్కటే, ప్రభువు భోజనం. అప్పట్లో బల్ల రొట్టె పెన్న అవతలి పట్నం నుంచి బండి మీద వచ్చేది. ఆ వారం ఏరు నిండుగా పారుతోంది. బండి దాటలేదు.

సలోమమ్మ జొన్నరొట్టె కాల్చి, ఉతికిన గుడ్డలో చుట్టి, పాస్టరు గారి ఇంటికి తీసుకువెళ్ళింది.

"అయ్యా, మా ఇంటాయన ఎదురుచూస్తాండాడు. దీనికి ప్రార్థన చేసి, వచ్చి పెట్టు."

"జొన్నరొట్టె కూలి తిండి, సలోమమ్మా. పరిశుద్ధ భోజనానికి గోధుమ రొట్టే పద్ధతి. ఏరు తగ్గనీ, తెప్పిస్తాను" అన్నారాయన.

ఆవిడ రొట్టె పట్టుకొని వెనక్కి వచ్చింది. అంత నిష్ఠగల మనిషి చెబితే ఎక్కడో రాసే ఉంటుందనుకుంది. అలా అనుకున్నందుకు జీవితమంతా తనను తాను తిట్టుకుంది. మూడు రోజులు ఆరోను తెల్లవారగానే "వచ్చెనా?" అని అడిగాడు. మూడు రోజులూ ఆవిడ "రాలేదు" అంది. నాలుగో రోజు ఆయన అడగలేదు. ఏరు ఆ మరుసటి రోజు తగ్గింది.

సలోమమ్మకు దేవదూత కలలో కనిపించి జొన్నరొట్టె పెట్టమన్నాడని కొందరు పాటలు కట్టారు. అబద్ధం. ఆ వారమంతా కోపంతో ఆవిడకు కునుకే పట్టలేదు, ఇక కల ఎక్కడిది? తనకు వచ్చిన వాక్యమంతా మనసులో తిరగేసుకుంది. ప్రభువు బల్ల దగ్గర గోధుమ అన్న మాట ఎక్కడా తగల్లేదు.

ఆదివారం బల్ల మీద పట్నం రొట్టె మెత్తగా పొంగి ఉంది. పాస్టరు గారు దాన్ని చేతిలోకి తీసుకోగానే సలోమమ్మ ఆడవాళ్ళ వరసలో నుంచి లేచింది.

"గోధుమలని యాడ రాసుండాదయ్యా? రొట్టె అని ఉండాది. విరిచినాడని ఉండాది. ప్రభువు రొట్టె విరిచిన ఆ పస్కా పండగ దినాల్లో పొంగిన రొట్టె ఇంట్లో ఉండగూడదని నువ్వే చదివితివి గదా. నీ చేతిలోది పొంగిందే. నేను తెచ్చిన దాంట్లో పిండి, ఉడుకునీళ్ళు తప్ప ఏమీ లేదు. ఏ ఆజ్ఞ చూసి నా మొగునికి లేదంటివి? చూపియ్యి. చూపిస్తే నోరు మూసుకొని కూచుంటా."

దైవాధీనం గారు పుస్తకం తెరిచారు. పేజీలు తిప్పారు, చాలాసేపు తిప్పారు. చివరికి మూసేసి "లేదు" అన్నారు. "చిన్నప్పుడు మిషనరీ దొరగారి బల్ల మీద చూశాను. అదే ఆజ్ఞ అనుకున్నాను."

అలా ఒప్పుకోవడానికి గుండె ధైర్యం కావాలి, ఆ గౌరవం ఆయనకు ఇవ్వవలసిందే. కానీ అప్పటికే ఆరోను మట్టిలో ఉన్నాడు. బంతిపూల దండకు అడ్డొచ్చిన ప్రశ్న పట్నం రొట్టెకు ఎందుకు అడ్డు రాలేదు? తమ అలవాటును తెచ్చి దేవుడి నోట పెట్టి, దాంతో పేదవాణ్ణి వాకిట్లో నిలబెట్టడం కన్నా పాడు పని ఇంకోటి ఉందా? ఈ కథ చెప్పిన ప్రతిసారీ మాకు ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా.

పాస్టరు గారు కళ్ళు తుడుచుకొని, జొన్నరొట్టె తెప్పించండి, మొదటి ముక్క ఆరోను సమాధి మీద నేనే పెడతాను అన్నారు. ఆడవాళ్ళు బావురుమన్నారు. సలోమమ్మ కోపం రెండింతలైంది.

"సచ్చినోనికి రొట్టె పెట్టమని రాసుండాదా? ప్రాణముండంగ పెట్టల్ల. లేయమ్మ నడుము ఇరిగి మూడు నెల్లుగా మంచంలో ఉండాది. ఆ యమ్మకు తీసకపో, పో."

ఆయన ఆరాధన ఆపి, జొన్నరొట్టె పట్టుకొని లేయమ్మ ఇంటికి నడిచారు. తిరిగి వచ్చేదాకా సంఘమంతా కదలకుండా కూర్చుంది. సలోమమ్మ బతికినన్నాళ్ళూ భర్త సమాధి మీద రొట్టె ముక్క పెట్టలేదు. పెట్టాలని మాత్రం ప్రతి నెలా అనిపించేదని ముసలితనంలో ఆడబిడ్డతో చెప్పిందట.

నేటికీ బల్ల ఆదివారం నాడు కొర్రబండ పాస్టరు ముందుగా మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళతారు. ఎండైనా వానైనా, తిరిగి వచ్చి "అందరికీ అందింది" అని చెప్పాకే మందిరంలో రొట్టె విరుస్తారు. ఈ రొట్టె తింటే రోగం కుదురుతుందా, సంతానం కలుగుతుందా అని యాత్రికులు అడుగుతుంటారు. అలా ఎక్కడా రాసి లేదు, కనుక మేమూ చెప్పం. చెప్పగలిగింది ఒక్కటే. ఆరోను తర్వాత ఈ ఊళ్ళో ప్రభువు భోజనం అడిగి, అందక కన్నుమూసినవాళ్ళు ఒక్కరూ లేరు.