కాపలా కొండముచ్చు కడుపునొప్పి

అనగనగా ఒక ఎండు అడవిలో, ఎత్తైన మద్దిచెట్టు కొమ్మ మీద, మొగిలి అనే కొండముచ్చు కాపలా కూర్చునేది. ఈ కథ దాని కడుపు గురించి. నవ్వకండి. కడుపు మాట ఎత్తగానే మీకు నవ్వొస్తుందని నాకు తెలుసు. ఆ అడవిలోనూ అందరికీ నవ్వే వచ్చేది. అందుకే ఇంత పని జరిగింది. కాస్త బుద్ధిగా కూర్చుని వినండి.

ఆ అడవిలో కొండముచ్చులకీ పొడదుప్పులకీ ఒక ఒప్పందం ఉండేది. పొడదుప్పులంటే ఒంటి నిండా తెల్లచుక్కలుండే జింకలు. కొండముచ్చులు చెట్టు మీద నుంచి ఆకులు రాల్చేవి. దుప్పులు కింద మేసేవి. చిరుతపులి కనబడితే కాపలా కొండముచ్చు "ఖొక్! ఖొక్!" అని అరిచేది. ఆ అరుపు వినగానే దుప్పులు పరుగు తీసేవి. దుప్పులకు ముందుగా చిరుత వాసన తగిలితే అవి అరిచేవి, కొండముచ్చులు చెట్లెక్కేవి. ఇలా ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని బతికేవి.

మొగిలి కళ్లు మహా చురుకు. ఎండుగడ్డిలో చిరుత చెవి కదిలినా ఇట్టే పట్టేసేది. అందుకే ఈరమ్మ అనే దుప్పి, మొగిలి కాపలా ఉన్న పూటే నీళ్లకు వచ్చేది. నీళ్లంటే పెద్ద చెరువేమీ కాదు. ఎండిపోయిన వాగులో, మద్దిచెట్టు కిందే, ఒక చిన్న చెలమ. ఈరమ్మకు అంతకుముందు పుట్టిన ఇద్దరు పిల్లల్నీ చిరుత ఎత్తుకుపోయింది. ఇప్పుడున్నది మూడోది. పుట్టి నెల కూడా కాలేదు.

"అక్కా, పైన నువ్వే ఉన్నావు గదా?" అని అడిగేది ఈరమ్మ, చెలమలో తల వంచే ముందు.

"ఉన్నాలే. తాగించు బిడ్డకి," అనేది మొగిలి.

అప్పుడు గానీ ఆ తల్లి బిడ్డను నీళ్ల దగ్గరికి రానిచ్చేది కాదు.

ఇక కొండముచ్చుల గుంపులో ఒక ఆచారం ఉంది. కాపలా కాసేవాళ్లు అందరితో కలిసి తినకూడదు. అందరూ మేసి, కునుకు తీసి లేచాక, రోజుకు ఒక్కసారి కిందికి దిగి తినాలి. అప్పుడు ఒక్కో కుటుంబం వాళ్లు బాగా మాగిన పండు ఒకటి తెచ్చి చేతిలో పెడతారు. దాన్ని కాపుపండు అనేవారు. పెట్టినవాళ్ల కళ్లెదుటే తినాలి. వద్దంటే వాళ్లను అవమానించినట్టే. పన్నెండు కుటుంబాలు, పన్నెండు పండ్లు. వేసవిలో అయితే చాలావరకు తునికిపండ్లే. ఆదరాబాదరాగా మింగి మళ్లీ చెట్టెక్కాలి.

అది గౌరవం అనుకునేవాళ్లు అందరూ. నాకైతే శిక్షలా ఉంటుంది. కొండముచ్చు కడుపు ఆకులు అరిగించుకోవడానికి పుట్టింది. ఒకటి రెండు పండ్లంటే సరే. పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపులో పన్నెండు తియ్యటి పండ్లు ఒక్కసారిగా పడితే ఏమవుతుంది?

మొగిలి కడుపు తిత్తిలా ఉబ్బేది. పేగులు మెలిపెట్టేవి. ఒకరోజు నాలుగుసార్లు పొదల్లోకి పరుగెత్తేది. ఆ తర్వాత మూడు రోజులు ఏమీ కదలక బిగదీసుకుపోయేది. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదలయ్యేది. కాపలాలో ఉండగా ఎక్కడ నొప్పి వస్తుందోనని భయపడేది. ఆ భయానికి నొప్పి ఇంకా ఎక్కువయ్యేది.

చెట్టు మీదే కానిచ్చేయొచ్చు కదా అని అడుగుతారు మీరు. ఆ మాత్రం నాకూ తోచింది. కింద అందరూ నీళ్లు తాగే చెలమ ఉందని చెప్పానా లేదా? అందుకని మొగిలి దిగి, బండ చాటుకు వెళ్లాల్సి వచ్చేది.

ఈ సంగతి అది ఎవరికీ చెప్పలేదు. గుంపు పెద్ద సింగన్న ఎప్పుడూ ఒక మాట అనేవాడు. "కాపలా కాసేవాడికి కళ్లుంటే చాలు. కడుపూ నడుమూ అంటా నా దగ్గరికి రాగూడదు." అన్నంత పనీ చేసేవాడు. మొగిలికి ముందు కాపలా కాసిన ముసలి కొండముచ్చు ఒకరోజు నడుంనొప్పి అంది. గుంపంతా నవ్వింది. సింగన్న దాన్ని గుంపు చివరికి నెట్టేశాడు. చివర ఉన్నవాళ్లకు మిగిలేది ముదురాకులే. మొగిలి అదంతా కళ్లారా చూసింది.

ఒక మధ్యాహ్నం నొప్పి ఆగక మొగిలి గబగబా దిగి బండ చాటుకు వెళ్లింది. సరిగ్గా అప్పుడే చిరుత వాగులోకి దిగింది. అదృష్టం బాగుండి ఒక కాకి చూసి గోల చేసింది. దుప్పులు పారిపోయాయి. ఈరమ్మ బిడ్డ రెండుసార్లు పడి లేచింది గానీ దక్కింది.

"అక్కా, యాడికి పోయినావు?" అంది ఈరమ్మ రొప్పుతూ.

"దాహమేసి దిగినా," అంది మొగిలి.

ఇదంతా పొదల వెనక నుంచి బొల్లయ్య చూశాడు. బొల్లయ్య ఒక ముసలి మనుబోతు, అంటే నీలగాయి. ఆవంత ఉంటాడు, ఎవరి జోలికీ పోడు. మర్నాడు పొద్దున్నే మద్దిచెట్టు కిందికి వచ్చాడు.

"అమ్మాయ్, నీది దాహం గాదు. కడుపు," అన్నాడు.

మొగిలి ఉలిక్కిపడి చుట్టూ చూసింది. "ఎవరితోనన్నా అన్నావా తాతా?"

"నేనెందుకంటా? ఏడు వేసవుల నుంచి నాదీ అదే బాధ. ముందొకటి చెప్పు. నెత్తురు పడతా ఉందా? ఒళ్లు చిక్కిపోతా ఉందా?"

"లేదు తాతా."

"అట్టాంటిది కనబడితే మాత్రం అది వేరే జబ్బు. అప్పుడు నా మాటలతో సరిపెట్టుకోమాక."

"మరి దీనికి మందేంది? ఏ వేరు నమలాల?"

"వేరూ లేదు, బెరడూ లేదు. చంపే జబ్బు గాదిది. ఊరికే పోయే జబ్బు కూడా గాదు. దీంతోనే కాపురం చెయ్యాల," అన్నాడు బొల్లయ్య. "ఒక్కసారిగా కడుపు నింపమాక. రోజుకు నాలుగుసార్లు, కాసిని కాసిని, ఒకే వేళకి తిను. నిదానంగా నములు. నన్ను చూడు, నమిలిందే నమలతా ఉంటా. నీళ్లు బాగా తాగు. తిన్న వెంటనే కొమ్మ మీద ముడుచుకోమాక, కాసేపు నడువు. కంటినిండా నిద్రపో. కొన్నాళ్లు పండ్లన్నీ ఆపు. తర్వాత ఒక్కో రకం పండే మొదలుపెట్టి మూడేసి రోజులు చూడు. ఏది పడుద్దో ఏది పడదో నీ కడుపే చెబుద్ది. నాకు రేగుపండు పడదు. నీకు పడొచ్చు. ఎవరి కడుపు వాళ్లది."

"అంతేనా తాతా?"

"ఇంకోటుంది. అదే అసలుది. నీ వాళ్లకి చెప్పు. దాచుకున్నన్నాళ్లూ ఆ బెంగకే సగం నొప్పి వస్తది. చెప్పినావనుకో, నీకు బాగాలేని పూట ఇంకొకరు చెట్టెక్కుతారు."

మొగిలి అన్నిటికీ సరే అంది. ఆ చివరి మాటకు మాత్రం చూపు తిప్పుకుంది.

కాపుపండు ఎలా తప్పించుకోవాలి? కడుపునొప్పి అంటే నవ్వుతారు. ఆలోచించి ఆలోచించి సింగన్న దగ్గరికి వెళ్లి, "మొక్కుకున్నా. పక్షం రోజులు పండు ముట్టను. మధ్యమధ్యలో దిగి నాలుగేసి లేతాకులు తింటా. దిగినప్పుడు గంగులు చూస్తుంటాడు," అంది. గంగులంటే పక్కచెట్టు మీద ఉండే మరో కొండముచ్చు.

"మొక్కా? అయితే సరే," అన్నాడు సింగన్న వెంటనే. చూశారా! మొక్కు అంటే నోరెత్తలేదు. అదే నొప్పి అని ఉంటే ఎగిరిపడేవాడు.

మొగిలి బొల్లయ్య చెప్పినట్టే చేసింది. వారం తిరిగేసరికి ఉబ్బరం తగ్గింది. నిద్ర పట్టింది. తర్వాత ఎవరూ చూడకుండా మేడిపండు ఒకటి తిని మూడు రోజులు చూసింది. ఏమీ కాలేదు. తునికిపండు ఒకటి తిన్నది. మర్నాటికే పేగులు మెలిపెట్టాయి. ఓహో, నాకు పడనిది ఇదన్నమాట అనుకుంది. శత్రువు ఎవరో తెలిసిపోయింది. ఇక భయమేముంది?

ఉంది. మొక్కు అన్నాక అది తీరే రోజు వస్తుంది కదా.

పక్షం గడిచింది. గుంపంతా సంబరంగా వచ్చింది. పన్నెండు కుటుంబాలవాళ్లూ వెతికి వెతికి మాగిన తునికిపండ్లు తెచ్చి మొగిలి ముందు కుప్ప పోశారు. "పక్షం రోజులు నోరు కట్టుకున్నావు. ఇవాళ కడుపారా తినాల," అన్నాడు సింగన్న. అందరూ చుట్టూ కూర్చుని కళ్లు మిటకరించుకుని చూస్తున్నారు. మొగిలి చెయ్యి చాపింది. ఒక్కరోజుకేమవుతుందిలే అనుకుంది. ఒకటి తిన్నది, రెండు తిన్నది, మొత్తం పన్నెండూ తిన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఆ చప్పట్లంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు నిద్ర లేస్తూనే మొగిలికి తెలిసిపోయింది. కడుపు రాయిలా ఉంది. లోపల గుడగుడమంటోంది. గంగులు తీరిగ్గా ఆకు నములుతూ, "ఏంది మొగిలీ, మొహం అట్టా పీక్కపోయింది?" అని అడిగాడు.

"ఏం లేదులే," అని మొగిలి చెట్టెక్కింది.

ఎండ పెరిగింది. ఈరమ్మ బిడ్డను వెంటబెట్టుకుని వాగులోకి వచ్చింది. ఆగి, తల పైకెత్తింది.

"అక్కా, పైన నువ్వే ఉన్నావు గదా?"

మొగిలి అప్పటికే కొమ్మను రెండు చేతులా పట్టుకుని పళ్లు బిగించి ఉంది. ఉండలేనని తెలుసు. ఎంతోసేపు ఉండలేనని దానికి బాగా తెలుసు.

"ఉన్నాలే. తాగించు," అంది.

ఈరమ్మ తల వంచింది. బిడ్డ కూడా తల్లి పక్కన చేరి మూతి నీళ్లలో పెట్టింది. మొగిలి ఇంక ఓర్చుకోలేకపోయింది. మొక్కు తీరిపోయింది, ఇప్పుడు గంగుల్ని చూస్తుండమంటే ఎందుకని అడుగుతాడు. ఇట్టే వెళ్లి అట్టే వచ్చేస్తా అనుకుని చప్పుడు కాకుండా దిగి బండ చాటుకు పరుగెత్తింది.

అక్కడ ఉండగానే ఈరమ్మ అరుపు వినబడింది. ఒకే ఒక్క అరుపు.

మొగిలి వచ్చేసరికి చెలమ నీళ్లు బురదై ఉన్నాయి. చిరుత ఆ చిన్నదాన్ని మెడ పట్టుకుని గట్టు ఎక్కి వెళ్లిపోతోంది. చిన్న కాళ్లు రెండు గాలిలో ఊగుతున్నాయి. ఈరమ్మ నీళ్లలోనే నిలబడి అటే చూస్తోంది. ఏం చెప్పమంటారు పిల్లలూ? ఇంతకంటే నేను చెప్పలేను.

కొండముచ్చులు, దుప్పులు అన్నీ వాగు దగ్గర చేరాయి.

"ఎందుకు అరవలేదు?" అన్నాడు సింగన్న.

ఎండ కళ్లలో కొట్టిందనొచ్చు. చిరుత వెనక నుంచి వచ్చిందనొచ్చు. దాహమేసిందని మళ్లీ అనొచ్చు. మూడు అబద్ధాలూ మొగిలి నాలుక మీదే ఉన్నాయి. కానీ ఎదురుగా ఈరమ్మ ఉంది.

"నాకు కడుపు బాగాలేదు. రెండేళ్ల నుంచి బాగాలేదు. మొక్కు కూడా అబద్ధం. బండ చాటుకు పోయినా," అంది మొగిలి.

ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

ఈరమ్మ మెల్లగా దగ్గరికి వచ్చింది. "ఇందాక నేను అడిగినప్పుడే నీకు తెలుసా అక్కా, ఉండలేనని?"

"తెలుసు."

"నీ కడుపు మీద నాకు కోపం లేదు. నొప్పి ఎవరికైనా వస్తది. ఉండలేను అని అనుంటే, బిడ్డను ఎనక్కి తోలుకుపోయేదాన్ని. ఆ కాసేపు దాహంతో ఉంటే బిడ్డ చావదు గదా అక్కా?"

మొగిలి మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

సింగన్న పళ్లు కొరుకుతూ, "నిన్ను గుంపులోంచి తరిమేస్తా," అన్నాడు.

అప్పుడు చివర కూర్చున్న ముసలి కొండముచ్చు లేచింది. "తరుముతావు. నాకు నడుంనొప్పి అన్నప్పుడు నువ్వు చేసింది చూసే గదరా ఇది నోరు మూసుకుంది! నీకెవరు చెబుతార్రా నొప్పని?" అంది. సింగన్న తల దించుకున్నాడు. దించుకోవాల్సిందే మరి. తప్పు మొగిలిది. కానీ మొగిలి ఒక్కదానిదే కాదు.

ఆ రోజుతో కాపుపండు ఆచారం ఆగిపోయింది. మొగిలి తునికిపండు మళ్లీ ముట్టలేదు. వేళకు తిన్నది, నిదానంగా నమిలింది, నడిచింది, నిద్రపోయింది. జబ్బు పూర్తిగా పోలేదు. ఎప్పుడో ఒకరోజు పలకరించి పోయేది.

అలా పలకరించిన ఒక పొద్దున, మొగిలి గుంపు మధ్యలోకి వచ్చి నిలబడింది. దుప్పులు కూడా దగ్గర్లోనే మేస్తున్నాయి.

"ఈ పూట నాకు కడుపు బాగాలేదు. గంగులూ, నువ్వెక్కు," అంది.

"సరే," అన్నాడు గంగులు. చేతిలో ఉన్న ఆకు నోట్లో పెట్టుకుని చెట్టెక్కి కూర్చున్నాడు.

ఈరమ్మ తలెత్తి చెట్టు మీద ఉన్న గంగుల్ని చూసింది. తర్వాత మొగిలిని చూసింది.

"ఇంతేనా అక్కా?" అంది. "ఈ ఒక్క మాట అనలేకేనా నా బిడ్డ పోయింది?"

ఈరమ్మ ఒంటరిగా గట్టు దిగి వెళ్లింది.

నీతి: కడుపుకు పడనిదాన్ని ఎంత ప్రేమగా పెట్టినా వద్దనాలి, ఒంట్లో బాగాలేని పూట బాగాలేదని చెప్పాలి. సిగ్గుపడి దాచుకుంటే, మనల్ని నమ్ముకున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.