కోళ్లకు పోసిన మందునీళ్లు

అనగా అనగా, కోడి కూస్తేనే ఊరు నిద్ర లేచే కాలంలో, నూకాలమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు మొగుడు సింహాద్రి ఒక కన్నయితే, పెంచుకునే కోళ్లు రెండో కన్ను. "నా తల్లుల్లారా, నా బంగారాల్లారా" అంటూ వాటికి నూకలు చల్లేది.

ఒక ఏడు కోళ్లకు తెగులు తగిలింది. వైద్యుడు పేరయ్యగారు ఎర్రమందు ఇస్తే, జబ్బు కోళ్లన్నీ చక్కగా లేచి తిరిగాయి. నూకాలమ్మ సంబరానికి పట్టపగ్గాలు లేవు.

"జబ్బు వచ్చాక పోసేదేమిటి? రాకముందే పోస్తే సరి!" అనుకుంది. అదిగో, అక్కడే పప్పులో కాలేసింది! నిక్షేపంగా ఉన్న కోళ్లకు కూడా రోజూ నీళ్లలో చిటికెడు మందు కలిపింది. మందుందన్న ధీమాతో ఒక్క గూట్లోనే రెండింతల కోళ్లను కుక్కింది.

కక్కెర రంగు ముసలి కోడిపెట్ట ఉండబట్టలేక నోరు విప్పింది. "అమ్మా, మాకు జబ్బేం లేదు. మసలే చోటు లేదు, పీల్చే గాలి లేదు. మందు మాని గూడు శుభ్రం చెయ్యి తల్లీ!"

"చాల్లేవే! గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట!" అని నూకాలమ్మ నవ్వేసింది.

రెండోసారి తెగులు వచ్చింది. చిటికెడుకు లొంగలేదు, గుప్పెడు పోస్తే తగ్గింది. మూడోసారి వచ్చింది. ఎన్ని గుప్పెళ్లు పోసినా కోళ్లు తలలు వాల్చేశాయి. నూకాలమ్మ లబోదిబోమంటూ పేరయ్యగారి దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, ఎర్రమందు పనిచెయ్యట్లేదు. దానికన్నా గట్టిదట కదా, పై అరలో ఉన్న ఆ తెల్లమందు ఇప్పించండి."

"ఇవ్వనమ్మా. అయినదానికీ కానిదానికీ పోశావు, ఎర్రమందుకు రోగపు పురుగులు రాటుదేలాయి. దీనికీ అలవాటు పడితే రేపు మనుషులకేం ఇవ్వను? ముందు గూడు కడుగు, జబ్బు కోళ్లను వేరు చెయ్యి."

"అయితే మీ మందు మీరే ఊరగాయ పెట్టుకోండి!" అని ఆమె విసవిసా వచ్చేసింది.

ఆ వారమే గూటి తీగ గీసుకుని సింహాద్రి కాలు వాచింది. ఒళ్లు పెనంలా కాలిపోయింది. నూకాలమ్మ ఇంట్లో ఉన్న ఎర్రమందే వేసింది, జ్వరం దిగలేదు. కోళ్లలో రాటుదేలిన పురుగే ఆ పుండులో చేరింది మరి!

నూకాలమ్మ పేరయ్యగారి కాళ్ల మీద పడింది. "కోళ్ల మీద ప్రేమతో చేశానయ్యా! నా మొగుడి ప్రాణం మీదికి వస్తుందనుకోలేదు."

"ఏడవకమ్మా. ఆ రోజు నువ్వు తిట్టినా ఇవ్వలేదు కనుక, ఇది ఇంకా పనిచేస్తుంది" అంటూ ఆయన తెల్లమందు తీశారు.

జ్వరం దిగి సింహాద్రి కళ్లు తెరిచాడు. "ఏమే, కాస్త గంజి పోస్తావా?" అన్నాడు. నూకాలమ్మ అతణ్ణి పట్టుకుని బావురుమంది.

ఆ తరువాత మిగిలిన కోళ్లకు గాలీ వెలుతురూ ఆడేలా ఇంకో గూడు కట్టించింది. జబ్బు చేస్తేనే, అదీ వైద్యుణ్ణి అడిగాకే, కోళ్లకు మందు పోసేది. తల్లిలాంటి మనసున్న ఆ ఇల్లాలికి తెలివి వచ్చేసరికి మొగుడు చావు అంచుదాకా వెళ్లాల్సి వచ్చింది పాపం.

అవసరం లేనినాడు వాడేసిన మందు, ప్రాణం మీదికొచ్చిన నాడు పనిచేయదు.