తట్టితే వదులుతరా?

బాలనర్సయ్య సారుకు ఒక అలవాటు ఉండేది. జూడో నేర్చుకుంటామని ఎవరు వచ్చినా మొదట చాలా రోజులు ఎత్తి పడేయడం నేర్పేవాడు కాదు. పాత పత్తి గోదాంలో పరిచిన చాపల మీద పిల్లలను ఇద్దరిద్దరిగా జతచేసి, ఒకరి మోచెయ్యి మరొకరి పట్టులో పెట్టించేవాడు. నొప్పి మొదలవగానే పట్టులో ఉన్నవాడు అరచేత్తో చాపను తట్టాలి. ఆ చప్పుడు వినగానే పట్టినవాడు వదలాలి. తట్టడం, వదలడం. పట్నం పిల్లలూ, ఊరి చివర ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలూ ఒకే చాప మీద ఇదే చేసేవారు.

ఆయన శిష్యుల్లో పెద్దవాడు భగత్. ఎం.ఏ. చదివాడు. అతను నినాదం రాస్తే గోడే గొంతెత్తి అరిచినట్టుండేది. బట్టీల్లో గుడిసె గుడిసెకూ తిరిగి, తల్లిదండ్రులను బతిమాలి, ఆ పిల్లలను గోదాంకు తెచ్చింది అతనే. అందుకే ఈ తట్టుడు అతనికి మింగుడు పడేది కాదు. ఒకనాడు అందరి ముందే సారును అడిగేశాడు.

"తరతరాలుగా తల వంచినోళ్ల పిల్లలు సార్ వీళ్లు. పిడికిలి బిగించుడు నేర్పాల్సింది పోయి, లొంగిపోవుడు నేర్పుతున్నరేంది?"

"చాపలు దులపండ్రా," అన్నాడు సారు, పిల్లలతో.

బట్టీ పిల్లల్లో భగత్‌కు ప్రాణమైనవాడు దుర్యోధన్. ఒడిశాలో వాళ్ల బలంగీర్ వైపు ఆ పేరు మామూలే. ఇక్కడ మాత్రం నవ్వులాట అయింది. "ఏం దుర్యోధనా, తొడలు పైలం! నీ తమ్ముళ్లు తొంభైతొమ్మిది మంది ఏరి, రైల్ల జాగ దొర్కలేదా?" అనేవాడు అక్కడే జూడో నేర్చుకునే బట్టీ యజమాని కొడుకు మణిదీప్. "తమ్ముళ్లు లేరు. చెల్లె ఉంది, ఒక్కతే," అనేవాడు దుర్యోధన్ వచ్చీరాని తెలుగులో, ఎవరో ప్రేమగా క్షేమం అడిగినట్టు. కండ పట్టిన పదిహేనేళ్ల పిల్లవాడు. ఎడమ మోచెయ్యి కాస్త వంకర. ఎవరు ఎంత బిగించినా తట్టేవాడు కాదు. ముఖం కూడా కదిలేది కాదు. బిగించి బిగించి మణిదీపే విసిగిపోయి వదిలేసేవాడు. అది చూస్తే భగత్‌కు ఒళ్లు పులకరించేది. "చూడండ్రా, తలవంచని తరం అంటే ఇది," అని మిగతా పిల్లలకు చూపించేవాడు.

ఎండలు ముదిరేసరికి జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. గెలిచినవాళ్లకు క్రీడా హాస్టల్లో చోటు దొరుకుతుంది; రెండు పూటలా తిండి, బడి, పడుకోవడానికి మంచం. చోటు దొరికితే కొడుకును ఇక్కడే వదిలి వెళ్లడానికి దుర్యోధన్ తండ్రి ఒప్పుకున్నాడు. దొరక్కపోతే వానలకు ముందు బట్టీ ఆరగానే పిల్లవాడూ వెళ్లిపోవాలి. వచ్చే ఏడు మరో బట్టీ, మరో రాష్ట్రం. అయినా సారు దుర్యోధన్ పేరు పంపలేదు.

"వానికి తట్టుడు రాలేదు బిడ్డా."

"రాక కాదు సార్, తట్టడు! భయం లేనోడు ఎందుకు తడ్తడు? వాని ధైర్యం మీకు కనబడ్తలేదా? అసలు మీరు ఎవరి దిక్కున్నరో తేల్చుకోండి!"

"చూపియ్యి," అన్నాడు సారు.

భగత్ చాప మీదికి వెళ్లి దుర్యోధన్ కుడిచెయ్యి పట్టాడు. సారు వచ్చి పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, పిల్లవాడి మోచేతి దగ్గర తన అరచెయ్యి ఉంచాడు. భగత్ బిగించాడు. చప్పుడు లేదు. గర్వంగా ఇంకొంచెం బిగించాడు. లేదు. ఇంకాస్త బిగించబోతే ఏదో గట్టిగా అడ్డుపడింది. ఎముక అనుకుని ఉలిక్కిపడ్డాడు. ఎముక కాదు, సారు అరచెయ్యి.

"వదులు."

దుర్యోధన్ లేచి కూర్చున్నాడు. కొరుక్కున్న పెదవి మీద నెత్తురు చుక్క ఉంది.

"నొప్పి లేచిందా?" అడిగాడు సారు.

"లేచింది."

"మరి తట్టకపోతివి?"

ఇందులో కూడా ఏదైనా ఉచ్చు ఉందేమోనన్నట్టు పిల్లవాడు ఇద్దరి ముఖాలూ చూశాడు. "తట్టితే వదులుతరా?" అని అడిగాడు.

మణిదీప్ కిసుక్కున నవ్వాడు. దుర్యోధన్ నవ్వలేదు. తన వంకర చేతిని ముందుకు చాపాడు. "పోయినేడు వేరే బట్టీల, మమ్ముల పనికి తోలుకపోయిన సర్దార్ మెలేసిండు. అరిస్తే ఇంకా మెలేసిండు. అరుసుడు బంద్ చేసిన. ఆయనకే ఇసుగొచ్చి వదిలిండు."

భగత్ తన చేతులు చూసుకున్నాడు. వాడు అరవలేదు కాబట్టే తను ఇంకా బిగించాడు. మౌనంగా భరించేవాడికి ధీరుడని బిరుదిచ్చి నెత్తిన మరో బరువు పెట్టడం ఎంత తేలిక! ఈ దేశం అనాదిగా చేస్తున్నది అదే. అతను గోడల మీద తిట్టింది ఆ దేశాన్నే.

మర్నాటి నుంచి తన చేతినే పిల్లవాడి పట్టులో పెట్టాడు. భగత్ తట్టిన ప్రతిసారీ దుర్యోధన్ నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసేవాడు. తర్వాత వంతు మార్చేవారు. భగత్ పట్టు పట్టి, బిగించకుండా, ఊరికే ఎదురుచూసేవాడు. పిల్లవాడి చెయ్యి చాప మీదే చచ్చినట్టు పడి ఉండేది. పోటీలు వచ్చాయి, అయిపోయాయి. హాస్టల్ చోట్లు ఎవరెవరికో దక్కాయి.

బట్టీ ఆరిన సాయంత్రం, చివరిసారి, చాప మీద దుర్యోధన్ వేళ్లు కదిలాయి. నిద్రపోతున్న పసిబిడ్డను తాకినట్టు, రెండు వేళ్లతో తట్టాడు. భగత్ వెంటనే వదిలాడు. పిల్లవాడు తన చేతిని ఎత్తి, తిప్పి చూసుకున్నాడు. "ఇంకోసారి అన్నా," అన్నాడు. తట్టాడు. భగత్ వదిలాడు. "ఇంకోసారి." ఈసారి అరచేత్తో, గోదాం మారుమోగేలా తట్టాడు. చెయ్యి విడివడగానే నవ్వాడు; ఆ నవ్వు మధ్యలోనే విరిగి, బావురుమన్నాడు. ఆ గోదాంలో వాడి గొంతు అంత పెద్దగా ఎవరూ ఎన్నడూ వినలేదు. తెల్లవారి లారీ వచ్చి, సామాన్లతో పాటు వాళ్లందరినీ రైలు స్టేషన్‌కు తీసుకుపోయింది.

భగత్ స్టేషన్ నుంచి నేరుగా గోదాంకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నోట్లో ఒక్క నినాదం కూడా లేదు.

"వానికి తట్టుడు నేర్పినం సార్. రేపు ఇంకో బట్టీల ఇంకెవడో వాని చెయ్యి మెలేస్తడు. వాడు నన్ను నమ్మి తడ్తడు. అక్కడ వదిలేటోడు ఎవడు?"

సారు చాపల వైపు చూశాడు. అక్కడ మణిదీప్ ఒక చిన్న పిల్లవాడి చెయ్యి పట్టి ఉన్నాడు. పిల్లవాడు చాపను తట్టాడు. మళ్లీ తట్టాడు. అప్పుడు మణిదీప్ వదిలాడు.

"నీ చెయ్యి మణిదీప్‌కియ్యి బిడ్డా," అన్నాడు సారు. "తట్టినంక గూడ జర ఆగి వదుల్తుండు."